కిటికీలో ఊట నీళ్లు

బీ రుకోయా పోయి ఏడాది దాటింది. మా ఊరి ఆడవాళ్లందరినీ కడిగి సాగనంపిన మనిషిని చివరికి నేనే కడిగాను. అవి వానాకాలపు రోజులు. బావి నిండా నీళ్లున్నాయి. కొండ మీంచి దిగిన కొత్త నీళ్లు. ఆ విషయంలో దేవుడు ఆమెకు లోటు చెయ్యలేదు.

బీ అంటే మా భాషలో పిన్ని. ఆమె కంటే పెద్దవాళ్లు కూడా ఆమెను పిన్నీ అనే పిలిచేవారు. ఏదో ఒక రోజు తమ ఒంటిని ఆఖరిసారి తాకే చెయ్యి అదే కదా అని కాబోలు. ఆ పని ఆమెకు అత్తగారి దగ్గర నుంచి వచ్చింది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. పని అయ్యాక ఆ ఇంటివాళ్లు ఒక పళ్లెంలో బియ్యం, మీద ఒక సబ్బుబిళ్ల పెట్టి ఇస్తే, బియ్యం ఆ ఇంటి పిల్లలకే వండమని వదిలేసి సబ్బు మాత్రం ముసుగు కొంగున కట్టుకుని వచ్చేది.

నేను చాలా ఏళ్లు ఆమెకు నీళ్లందించాను. దేహాన్ని ముట్టుకునే ముందు ఆమె రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుని వెచ్చ చేసుకునేది. ఒకసారి అడిగాను.

"పోయినవాళ్లకు చలేమిటి బీ?"

"వాళ్లకు చలి ఉందో లేదో నాకేం తెలుసు? చల్లటి చేత్తో ముట్టుకోవడం నాకు మర్యాద కాదు, అంతే."

కడిగేవాళ్లు చూసింది బయట చెప్పకూడదు. ఒంటి మీద మచ్చో, వంకరో, ఏది కనబడ్డా కడుపులోనే దాచుకోవాలి. అది మా ధర్మం. అందుకే నేను బీ చిన్ననాటి స్నేహితురాలు సుహేనీ దేహం గురించి ఒక్క మాటా చెప్పను. చెప్పేదల్లా నీళ్ల గురించే.

మా ఊళ్లో ఏ కథ ఎత్తుకున్నా నీళ్ల దగ్గరే మొదలవుతుంది. మా పాత ఊరు చిహెరాంగ్ ఇప్పుడు డ్యాము అడుగున ఉంది. చి అంటే నీళ్లు, హెరాంగ్ అంటే తేట. ఊరి చివర ఏనుగు వీపు లాంటి బండరాయి, దాని కింద ఊట. వెదురు బొంగు పెట్టి ఆ నీళ్లు పట్టుకునేవాళ్లు. గేట్లు మూసిన ఏడాది నీళ్లు ఒక్కో మెట్టే ఎక్కి ఊరిని మింగాయి. మేమంతా కొండ మీదికి వచ్చాం. అప్పటికి రుకోయాకూ సుహేనీకీ పెళ్లిళ్లై చంకన పిల్లలు. ఇద్దరూ ఆ రాతి పక్కన ఆడుకుని పెరిగినవాళ్లు. ఒకళ్లు ఓయా, ఇంకొకళ్లు హేనీ. ఆ పేర్లతో పిలుచుకునే హక్కు ఇంకెవరికీ లేదు.

పొలాలు మునిగాయి, నీళ్లు మిగిలాయి. మగవాళ్లు వెదురూ డ్రమ్ములూ కట్టి, నీళ్ల మీద వలల గూళ్లు వేసి చేపలు పెంచడం మొదలుపెట్టారు. పై వలలో బొచ్చె లాంటి చేప, కింద వలలో తిలాపియా. పొద్దునా సాయంత్రం బస్తాలకు బస్తాలు మేత. చేప తిన్నంత తిని మిగతాది కిందికి వదిలేది. దానికి తోడు పై పట్నం మురికంతా ఏటిలో పడి ఇక్కడికే చేరేది. ఆ తిండంతా తిని నీళ్లే బలిశాయి. బలిసిన నీటికి నాచు పుట్టింది.

వానాకాలంలో డ్యాము పాలు తక్కువ టీ లాగా ఉంటుంది. వానలు ఆగిన నెలకి నీటి మీద తవుడు చల్లినట్టు చిన్న చిన్న ఆకుపచ్చ రేణువులు తేలతాయి. అప్పుడు గూళ్లవాళ్లకు సంతోషం. తిలాపియా ఆ నాచు తింటుందనీ, అది దేవుడిచ్చిన మేత అనీ అంటారు. ఎండలు ముదిరాక తూర్పుగాలి దాన్నంతా మా రేవులోకి తోస్తుంది. ఆపైన అది నాచు కాదు, గోడకు వేసే రంగే. చెయ్యి ముంచి తీస్తే ఆకుపచ్చ చేజోడు తొడుక్కున్నట్టుంటుంది. ఒడ్డున ఎండి నీలంగా పెచ్చులు లేస్తుంది. వాసన ఇంట్లో అన్నం దాకా వస్తుంది. మళ్లీ మబ్బు పట్టి మొదటి వాన పడగానే అడుగున కుళ్లిన నీళ్లు పైకి తిరగబడతాయి, చేపలు నోళ్లు తెరుచుకుని తేలతాయి. సీసాలు పట్టుకుని వచ్చిన చదువుకున్న పిల్లలు చెప్పారు, అదంతా ఒకటే నాచు కాదట, వానల్లో దారాల్లాంటిది ఒకటి, ఎండల్లో ముద్దకట్టేది ఇంకొకటి, వంతులేసుకుని వస్తాయట. మాకు మాత్రం అన్నిటికీ ఒకటే దురద.

ఎండాకాలంలో కొండ మీది బావులు అడుగంటుతాయి. మసీదు దగ్గరికి ట్యాంకరు వస్తే ఇంటికింత అని పట్టుకుంటాం. తాగడానికే చాలవు. ఆ రోజుల్లో ఎవరైనా పోతే డ్యాము నీళ్లతోనే కడగాలి. మా మసీదు పెద్ద అజెంగాన్ సోబారి గారు ఎప్పుడో చెప్పారు.

"నీటిలోనే పుట్టిన నాచు వల్ల నీటి రంగు మారితే అది మలినం కాదమ్మా. శుద్ధమే. మన పెద్దల పుస్తకాల్లో ఉంది."

బీ రుకోయా తల ఊపేది. పుస్తకాన్ని ఆమె ఏనాడూ కాదనలేదు. కానీ ఎండాకాలమంతా తను, తన మనవలూ ఆకుపచ్చ నీళ్లే పోసుకుని, తన వంతు ట్యాంకరు నీళ్లు ఒక కుండలో దాచి ఉంచేది. ఎవరు పోయినా చివరి చెంబులు ఆ తేట నీళ్లు. ఆమె మోచేతుల దాకా ఎర్రటి దద్దుర్లుండేవి. కొబ్బరినూనె రాసుకుంటూ, "ఏదో పూలు పూశాయిలే," అనేది.

ఒక ఏడు సుహేనీకి కాలేయం చెడింది. కళ్లు పసుపు రంగు తిరిగాయి. పట్నం ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని, ఇంటికి తీసుకెళ్లి ఇష్టమైనవి పెట్టమన్నారు. సుహేనీ రోడ్డు పక్కన కర్రపెండలం వేయించి అమ్మేది. నోరు మంచిది, కానీ ఊరుకునేది కాదు. మంచం పట్టాక కూడా.

నేనూ బీ రుకోయా చూడ్డానికి వెళ్లిన రోజు ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కూతురు యుయున్ గంజి తాగిస్తోంది.

"ఓయా, నన్ను కడిగేది నువ్వేగా?" అంది సుహేనీ, పలకరింపుల్లేకుండా.

"ఇంకెవరు? నిన్ను అటూ ఇటూ తిప్పే ఓపిక ఇంకెవరికుంది?"

"ఇప్పుడు ఎముకల గూడునేలే, సులువుగా తిరుగుతాను. ఒక్క మాట విను. ఈ డ్యాము నీళ్లు నా మీద పొయ్యకు. ఇన్నేళ్లు పోసుకున్నాను, చాలు. మన బండ కింది నీళ్లు కావాలి నాకు."

యుయున్ చెంచా గిన్నెలో పెట్టేసింది.

"అది డ్యాము అడుగున ఉందే పిచ్చిదానా," అంది బీ రుకోయా.

"ఈ ఏడు వానల్లేవు. నీళ్లు దిగుతాయి. నేను ఆగుతాను. నువ్వు తెస్తానని చెప్పు, చాలు."

"ట్యాంకరు నీళ్లు తేటగానే ఉంటాయి కదా..."

"అవి ఎవరివో. అవి నాకు తెలియవు."

బీ రుకోయా స్నేహితురాలి పాదం మీద చెయ్యి వేసింది. "అల్లా చిత్తమైతే తెస్తాను. తేట నీళ్లే తెస్తాను," అంది.

ఆ రోజు నుంచి పొద్దున నమాజు కాగానే ఒడ్డుకు వెళ్లి నిలబడేది. నీళ్లు దిగుతున్నాయి. ముందు పాత మసీదు పునాది బయటపడింది. తర్వాత మొండి కొబ్బరి మొదళ్లు. దిగేకొద్దీ ఆ కొంచెం నీళ్లూ ఇంకా చిక్కగా, ఇంకా ఆకుపచ్చగా. ఊరు వానకోసం అల్లాడుతోంది. అజెంగాన్ గారు అందరినీ మైదానంలోకి పిలిచి వాన నమాజు చేయించారు. బీ రుకోయా నా పక్కనే ఉంది. అందరితో పాటు చేతులెత్తింది. తిరిగి వస్తుంటే తనే చెప్పింది.

"వాన వద్దని ఎలా అడగనే? పసిపిల్లలు దాహంతో ఉన్నారు. కావాలని అడగడానికీ నోరు రాలేదు. 'నీకు తెలుసు' అని మాత్రం అన్నాను."

సుహేనీ ఆగింది. ఇవాళో రేపో అన్నవాళ్లంతా నోళ్లు మూసుకున్నారు.

ఒక పొద్దున మాంగ్ ఓదాంగ్ గసపోసుకుంటూ వచ్చాడు. మాంగ్ అంటే బాబాయ్. రేవులో అందరికంటే ఎక్కువ గూళ్లు ఆయనవే.

"బీ! మీ ఏనుగు వీపు బయట పెట్టింది! రండి, మళ్లీ మునగక ముందే ఎక్కి ఊరేగుదురు గానీ!"

పారలూ తట్టలూ పట్టుకుని ఎవరెవరో వచ్చేశారు. ఎవరినీ పిలవలేదు. మోకాళ్ల లోతు బురద. బండ మీద నాచు ఎండి నీలం పెచ్చులు కట్టి ఉంది. బీ రుకోయా తన లుంగీ ఎగ్గట్టి, బండ అంచున ఒక చోట చూపించి, "ఇక్కడ," అంది. తవ్వారు. బురదే వచ్చింది. ఇంకా తవ్వారు.

"ఇన్నేళ్లు నీళ్లలో నానింది కదా, ఊట ఉన్నా తుమ్ములతో ఛస్తుంటుంది," అన్నాడు ఓదాంగ్.

"నోర్ముయ్యి ఓదాంగ్, తవ్వు," అంది ఎవరో ముసలమ్మ.

అప్పుడు బురదలో ఒక బుడగ లేచింది. ఇంకొకటి. కాసేపటికి మట్టి నీళ్లు, ఆ తర్వాత కొంచెం పలచన, మధ్యాహ్నం నమాజు వేళకు తేట. పాత ఊరు తెలిసినవాళ్లు దోసిలి పట్టి తాగారు. ఓదాంగ్ కూడా తాగి మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పెద్ద తాగునీటి డబ్బా, గాజులా కనబడే ప్లాస్టిక్‌ది, ఒకటి తెచ్చారు. ముంచడానికి చెంబు మరిచిపోయాం. ఓదాంగ్ తన పడవలోంచి నీళ్లు తోడే చిప్ప తీసి, డ్యాము నీళ్లలో రెండుసార్లు జాడించి ఇచ్చాడు. దానితోనే నింపాం. ఆ చిప్ప గురించి అప్పుడెవరికీ తోచలేదు.

డబ్బా మోసుకెళ్లి సుహేనీ ఇంట్లో దింపాం. యుయున్ వంటింట్లో నీడన పెడదామంది. సుహేనీ ఒప్పుకోలేదు.

"కిటికీలో పెట్టవే. చూస్తూ పడుకుంటాను."

కిటికీలో పెట్టాం. పొద్దుటి ఎండ సూటిగా దాని మీద పడేది. ఆ వెలుగు అవతలి గోడ మీద వణికేది. సుహేనీ దుప్పటి గడ్డం దాకా లాక్కుని దాన్నే చూస్తూ ఉండేది.

"ఒక్క గుక్క తాగుతావా?" అడిగింది బీ రుకోయా.

"తగ్గిపోతాయి. పెదవులు తడుపు, చాలు. ఓయా, గుర్తుందా, ఆ బండ మీంచి నిన్ను తోసేశాను?"

"తోసేసి మీ అమ్మతో నేనే దూకానని చెప్పావు."

"నమ్మింది కూడా." నవ్వబోయి దగ్గింది.

ఆ తర్వాత వాన వచ్చింది. ఊరంతా వాకిళ్లలోకి వచ్చి తడిసింది. పిల్లలు అరిచారు. రెండు మూడు రోజులు మబ్బు వదల్లేదు. డ్యాము తిరగబడింది. ఓదాంగ్ పండగ ధరకు అమ్మాలని, కింద వలలోవి నాచు తిని ఇంకాస్త ఒళ్లు చెయ్యాలని చేపల్ని పట్టకుండా ఉంచాడు. ఒక్క పొద్దులో అన్నీ తెల్లగా తేలాయి. వాటిని గోతిలో పూడ్చి, బతికి ఉన్న ఒకే ఒక్క చేపను బకెట్లో వేసుకుని సుహేనీ ఇంటికి వచ్చాడు.

"అరటాకులో చుట్టి ఉడకపెట్టమ్మా మీ అమ్మకి," అన్నాడు యుయున్‌తో. తన చేపల గురించి ఏమీ అనలేదు.

ఆ వారంలోనే నీళ్లు పెరిగి బండ మునిగింది.

అది మునిగిన కొన్నాళ్లకు కిటికీలో డబ్బా అంచున, నీటి గీత దగ్గర, బీ రుకోయా ఏదో చూసింది. నన్ను చూడమని కళ్లతోనే సైగ చేసింది. లేత పచ్చ పొర. కొత్తిమీర కడిగిన నీళ్లంత పలచన. మర్నాటికి కొంచెం ఎక్కువ. ఓదాంగ్ చిప్పలోని చుక్కకు కిటికీలోని ఎండ తోడైంది. మా పాత ఊటను మా కొత్త నీళ్లు అంటుకున్నాయి.

"హేనీ, ఎండకు నీళ్లు వేడెక్కుతాయేమో, గుడ్డ కప్పనా?" అంది బీ రుకోయా.

"గుడ్డ నాకు కప్పుదువు గానీలే. దానికెందుకు?"

అందుకే కప్పలేదు. ఆ చూపు ఆమెకు దక్కనివ్వకుండా ఎలా కప్పడం?

ఇంకో రోజు సుహేనీ చాలాసేపు కిటికీ వైపు చూసి అడిగింది. నేను పాదాలు ఒత్తుతున్నాను.

"ఓయా. నా కళ్లు చెడ్డాయి కదా. కామెర్లొచ్చిన దానికి లోకమంతా రంగు తేడాగానే కనిపిస్తుందంటారు. నువ్వు చూసి చెప్పు. ఆ నీళ్లు పచ్చబడుతున్నాయా?"

బీ రుకోయా అబద్ధం ఆడగా నేనెప్పుడూ వినలేదు. సంతలో తన కూరలకు పురుగుందని తనే చెప్పి ఇచ్చే మనిషి. కిటికీ వైపు చూసింది. మంచం వైపు చూసింది.

"లేదే. తేటగానే ఉన్నాయి. నీ కళ్ల దోషం."

"అంతేనా?"

"అంతే."

సుహేనీ ఆమె చెయ్యి పట్టుకుని దద్దుర్ల మీద వేలితో మెల్లగా రాసింది. "పూలు బాగా పూశాయి ఈ ఏడు," అంది. ఇంకేమీ అడగలేదు.

బయటికి వచ్చాక వాకిట్లో ఓదాంగ్ ఉన్నాడు. నేనే చెప్పాను.

"అయ్యో, దానికేముంది? అవి పారబోసి ట్యాంకరు నీళ్లు నింపేస్తే సరి. ఆమె నిద్రపోయినప్పుడు నేనే చేస్తాను. తేటగా కనబడటమేగా కావలసింది?"

"కనబడటం కాదు ఓదాంగ్," అంది బీ రుకోయా. "ఇవాళ ఒక అబద్ధం ఆడాను. దాన్ని డబ్బాలో కూడా నింపి పెట్టమంటావా?"

"మీకు కోపం తెప్పించాలని కాదు బీ..."

"తెలుసు నాయనా. నీ మనసు మంచిది. నీ చిప్పే మంచిది కాదు."

ఆ మాటకు తనే నవ్వి, ఇంటికి వెళ్తూ దారిలో మసీదు అరుగు మీద కూలబడి ఏడ్చింది. అజెంగాన్ గారు బయటికి వచ్చారు. ఆమె ఏడుపు ఆగేదాకా నిలబడి, తర్వాత అదే చెప్పారు, నాచు పుట్టిన నీళ్లు శుద్ధమేనని.

"శుద్ధమని నాకు తెలుసు అజెంగాన్. కానీ నేను మాట ఇచ్చింది తేట నీళ్లని."

ఆయన వెళ్లి తన ఇంట్లోంచి ఒక గ్లాసు వేడి టీ తెచ్చి ఆమె పక్కన పెట్టి, తనూ అరుగు రెండో చివర కూర్చున్నారు.

సుహేనీ ఒక శుక్రవారం పొద్దున, కిటికీ వైపు మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. అప్పటికి డబ్బా అడుగు కనబడటం లేదు.

పెరట్లో వెదురు తడికలు కట్టారు. అరటి బోదెల మీద దేహాన్ని పడుకోబెట్టాం. కొత్త వానతో బావిలో కాసిని నీళ్లు ఊరాయి, బురదవి. మసీదు ట్యాంకరు నీళ్లు ఇరుగుపొరుగు తమ బిందెల్లోంచి వంచి తెచ్చారు. బీ రుకోయా యుయున్‌ను పక్కకు పిలిచింది.

"తల్లీ, మీ అమ్మ అడిగిన నీళ్లు పాడయ్యాయి. చివరి స్నానం కూడా ఈ తేట నీళ్లతోనే కానిస్తాను. ఆ పాపం నాకు రానీ. ఆమె మీద ఆ రంగు పడనివ్వను."

యుయున్ తలమీది ముసుగు సర్దుకుని అంది, "పిన్నీ, అమ్మకి తెలుసు. మొన్న నాతో అంది, ఓయా అవి మార్చేస్తుందేమో, మార్చనివ్వకు అని. మన బండవే కదా, రంగుదేముంది అంది."

బీ రుకోయా ఆమె వైపు తిరిగింది.

"ఎప్పుడంది?"

"మీరు తేటగా ఉన్నాయని చెప్పిన రోజే. ఆ మాట మీతోనే ఎందుకు అనలేదని నేను అడిగితే, పోనీలే, ఓయా చెప్పక చెప్పక నాకోసం ఒక అబద్ధం చెప్పింది, దాన్ని చెడగొట్టకు అంది."

పని మొదలుపెట్టాం. రేగాకు నలిపిన నీళ్లతో ఒకసారి, తేట నీళ్లతో ఒకసారి. ఆమె కుడివైపు, తర్వాత ఎడమవైపు, ఎప్పటిలాగే, దేహం మీది గుడ్డ జారకుండా, పసిబిడ్డకు పోసినట్టు. చివరిదానికి కర్పూరం కలపాలి. నేను డబ్బా మోసుకొచ్చి చెంబులోకి వంచాను. కర్పూరం పలుకు దానిలో తేలింది, ఆకుపచ్చ మీద తెల్లగా. ఆ వాసన కాస్త తెలిసింది, మా రేవు వాసన.

బీ రుకోయా చెంబు అందుకోలేదు. ముందు అరచేతులు రెండూ రుద్దుకుంది. చాలాసేపు రుద్దుకుంది. ఆ తర్వాత చెంబు పట్టుకుని వంగి, ఆ చెవి దగ్గర మెల్లగా అంది.

"హేనీ, నీ కళ్ల దోషం కాదే. నీళ్లు పచ్చగానే ఉన్నాయి."

అని, పోసింది.